గంగాధరప్ప కారులో నీళ్ళు

మా బెళుగుప్ప పక్క బోరు వేయాలంటే ముందు గంగాధరప్ప రావాలి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అది ఎక్కడ నిటారుగా లేచి నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టు. నా చేనులో రెండుసార్లు లేచింది. రెండుసార్లూ దుమ్మే వచ్చింది. తప్పు టెంకాయది కాదట, ఇంకాస్త లోతుకు పోనివ్వకుండా ఆపిన నాదట.

అయినా మూడోసారీ ఆయన దగ్గరికే పోయాను. సిగ్గులేక కాదు, భయంతో. చీనీ చెట్లు, బత్తాయంటారే అవే, ఆకులు ముడుచుకున్నాయి, ఈ వారం తడి తగలకపోతే కట్టెలకే పనికొస్తాయి. పక్క ఊర్లో పని ముగించిన బోరు లారీ ఆ సాయంత్రమే కర్ణాటకకు వెళ్ళిపోతుంది. బోరు ఎక్కడ వేయాలో గుర్తుగా పాయింటు పెట్టి ఉంచితేనే మా చేనికి వస్తానన్నాడు డ్రైవరు.

గంగాధరప్ప తన పాత కారులోనే పోదామన్నాడు. ఆ కారుకు పెట్రోలు మూత ఎప్పుడో పోయింది, దాని స్థానంలో గుడ్డ కుక్కి ఉంటుంది. పైగా ఆయనకొక ఆచారం. పాయింటుకు బయల్దేరే ముందు టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు కారు చుట్టూ చల్లి, మిగిలినవి ఆ గుడ్డ మీద పోస్తాడు. బండి కడుపు చల్లగా ఉండాలట. ఆ రోజూ పోశాడు. నేనూ పక్కన నిలబడి భక్తిగా దండం పెట్టుకున్నాను. తర్వాత ఇంకో టెంకాయ ఒళ్ళో పెట్టుకుని స్టీరింగు పట్టుకున్నాడు.

దారంతా పెట్రోలు పురాణమే. పాత పెట్రోలే పెట్రోలట. ఇప్పుడు ఐదో వంతు ఇథనాల్ కలిపి మైలేజీ తగ్గించేశారట, రబ్బరు పైపులు కూడా అదే తినేస్తోందట. నేను ఊరుకుంటానా? చెరకుతో, మొక్కజొన్నతో, నూకలతో చేస్తారని, రైతుకు మేలని, పొగ తక్కువని టీవీలో విన్నదంతా అప్పజెప్పాను. అప్పజెబుతుంటే నాకే ఒళ్ళు మండింది. ఎక్కడో కాలువ కింద పుష్కలంగా నీళ్ళు తాగి పెరిగిన చెరకు ఈయన కారు కడుపులోకి పోతోంది, నా చెట్లకు మాత్రం టెంకాయే దిక్కు. ఏ పెట్రోలు మేలో తేల్చే బాధ్యత దేశం మా ఇద్దరికే అప్పగించినట్టు వాదించుకుంటుండగా కారు దగ్గి, రెండు కుదుపులిచ్చి, రోడ్డు పక్కన ఆగిపోయింది.

"చూస్తివా? నేను చెప్తానే ఉండా. అంతా ఆ ఇథనాల్ పనే," అన్నాడు గంగాధరప్ప. వాదన గెలిచాననే సంతోషం ముఖంలో దాగలేదు.

ఫోన్ చేస్తే మెకానిక్ ఓబిలేష్ వచ్చాడు. కారు కింద దూరి, ట్యాంకులోది ఒక సీసాలోకి పట్టాడు. కాసేపటికి సీసాలో రెండు పొరలు తేలాయి. మామూలు పెట్రోలైతే ఆ కాసిని నీళ్ళు ట్యాంకు అడుగున పడి ఉండేవట. ఇథనాల్ అయితే నీళ్ళను పట్టుకుంటుందట, నీళ్ళు మరీ ఎక్కువైతే రెండూ కలిసి కిందికి దిగి ఇంజనులోకి పోతాయట. అంతా చెప్పి, గుడ్డ పీకి చూపించాడు. దానికి టెంకాయ పీచు అంటుకుని ఉంది.

ట్యాంకులో నీళ్ళు! మా చుట్టుపక్కల ఎంత లోతుకు తవ్వినా కనబడని నీళ్ళు! పగలబడి నవ్వాను. నవ్వుతుండగానే ఒకటి తట్టి, నవ్వు ఆగిపోయింది.

"గంగాధరన్నా, ఇంతసేపూ ఆ నీళ్ళను ఎనకాల ఏసుకోనే వస్తిమి. టెంకాయ నీ ఒళ్ళోనే ఉండాది. ఒక్కసారన్నా లేసిందా?"

ఆయన టెంకాయను చూశాడు, సీసాను చూశాడు.

"మామూలు పెట్రోలైంటే లేసిండేది," అన్నాడు.

అప్పుడే బోరు లారీ అటుగా వచ్చింది. డ్రైవరు నన్ను గుర్తుపట్టి వేగం తగ్గించాడు. చేయెత్తమని, లారీలోనే చేనికి పోదామని, అక్కడికక్కడే పాయింటు పెట్టేస్తానని గంగాధరప్ప నా మోచేతిని పొడుస్తూనే ఉన్నాడు. నా చేయి లేవలేదు. లారీ దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. వాడిపోయిన చెట్లు కళ్ళ ముందు మెదిలాయి. కానీ ఇంకో ఉత్త గుంత చూసే ఓపిక నాకు లేదు.

ఇంటికి ఫోన్ చేసి, బతికే చెట్లకైనా నీళ్ళు పోద్దాం, ట్యాంకరు మాట్లాడమని నా భార్య కదిరమ్మతో చెప్పాను. ఆమె బోరు సంగతి అడగలేదు. నా గొంతులోనే తెలిసిపోయినట్టుంది. బోరు పూజకని తెచ్చిన టెంకాయలు ఏం చేయాలని మాత్రం అడిగింది.

"చట్నీ చెయ్," అన్నాను.