కొరియా రాయిని కాను

నేను ఒక సానరాయిని. గుండ్రంగా, అట్లపెనమంత ఉంటాను. చుట్టూ సన్నటి కాలువ, అడుగున మూడు పొట్టికాళ్ళు. నా మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి చెక్కపేడు అరగదీస్తే చల్లటి గంధం దిగుతుంది. నా గురించి ఇంతకు మించి తెలుసుకోవలసింది లేదు. మనుషులకు మాత్రం ఇది చాలదు. "ఎక్కడి రాయి?" అంటారు. చెబితే, "అది సరే, అసలు ఎక్కడిది?" అంటారు. ఆ 'అసలు' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రాయికి ఒళ్ళు మండుతుందా అని అడక్కండి. మే నెలలో డాబా మీద పెట్టి, చెయ్యి వేసి చూడండి.

పుట్టింది మాండలే దగ్గరి ఒక కొండలో. నన్ను చెక్కినవాడు బుద్ధుడి బొమ్మలు చేసేవాడు. మెత్తటి తెల్లరాయి వస్తే బుద్ధుణ్ణి చేసేవాడు, నాలాంటి గరుకుది దొరికితే సానరాయి చేసేవాడు. బుద్ధుడయ్యే యోగం తప్పిందని నేనెప్పుడూ బాధపడలేదు. గుళ్ళో రాయిని దూరం నుంచి చూసి దండం పెడతారు. నా దగ్గరికి ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి, కబుర్లాడుతూ, నన్ను తడుముతూ కూర్చుంటారు. ఏది మేలో మీరే చెప్పండి.

బర్మాలో ఆడవాళ్ళు బుగ్గలకు పూసుకునే ఆ చెట్టు గంధాన్ని తనాకా అంటారు. నన్ను రంగూన్లో కొన్నది మా ఖిన్ అనే అమ్మాయి. ఆమె టెక్కలి వైపు నుంచి వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేస్తున్న బెవర పెంటయ్యను ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అటువాళ్ళు ముక్కు విరిచారు, ఇటువాళ్ళు మూతి తిప్పారు. వాళ్ళకు కొడుకు పుడితే వీధిలో 'కబ్యా' అన్నారు. కలగలుపు పిల్లాడని అర్థం. వాడు మాత్రం ఏ కలగలుపూ తెలియకుండా, ఆకలేసినప్పుడు తెలుగులోనూ నిద్రొచ్చినప్పుడు బర్మా భాషలోనూ ఏడ్చేవాడు.

తరవాత అక్కడ ప్రభుత్వం మారింది, మనవాళ్ళకు బతుకుతెరువు పోయింది. కుటుంబాలకు కుటుంబాలు ఓడ ఎక్కాయి. రేవులో తనిఖీవాళ్ళు మా ఖిన్ మెడలో గొలుసు తీయించి ఉంచేసుకున్నారు. లుంగీలో చుట్టిన నన్ను విప్పి చూసి, రాయే కదా అని వదిలేశారు. మనుషుల తెలివితక్కువతనం అప్పుడప్పుడూ మేలు చేస్తుంది. అలా ఆమె ఒళ్ళో కూర్చుని విశాఖపట్నం వచ్చాను. కంచరపాలెం అవతల బర్మా క్యాంపులో మాకు గది ఇచ్చారు.

క్యాంపులో బాధ లేదు. అందరూ అటునుంచి వచ్చినవాళ్ళే, తనాకా అంటే తెలుసు. క్యాంపు దాటితేనే మొదలు. మా ఖిన్ తెల్లటి బుగ్గలతో సంతకు వెళితే చుట్టూ మూగేవారు. ఆమెకు వచ్చిన తెలుగు మొగుడి దగ్గర నేర్చిన సిక్కోలు తెలుగు. అది ఆ ముఖం నుంచి వస్తుంటే వాళ్ళకు మరీ వింతగా ఉండేది.

"ఓలమ్మ, మొకానికి సున్నం ఏటే? ఏ జాతి దానివే నువ్వు?" అని ఒకామె అడిగింది.

"పెంటయ్య పెళ్ళాం జాతి," అంది మా ఖిన్. "వంకాయలు ఎలాగిత్తావు? అది సెప్పు."

నాకు ఆమె మీద ప్రేమ ముదిరింది అప్పుడే. ఇల్లాలి మనసు తెలిసిన పెంటయ్య కొండల్లో తిరిగి తిరిగి, అలాంటి గంధమే దిగే అడవివెలగ చెట్టు వెతికి పట్టుకున్నాడు. ఆ చెట్టు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అసలు ఏ దేశపు చెట్టువని దాన్ని ఎవరూ నిలదీయలేదు. చెట్టు ఎంత అదృష్టవంతురాలో అనుకున్నాను.

పెంటయ్య పోయాడు. కొడుకు హార్బర్లో బోట్ల మీద పనికి కుదిరి, అనకాపల్లి పిల్లను చేసుకున్నాడు. వాళ్ళకు నూకాలమ్మ జాతర రోజుల్లో ఆడపిల్ల పుట్టింది. నూకరత్నం అని పేరు పెట్టారు. పేరు అనకాపల్లిది, ముఖం మాత్రం అచ్చంగా మామ్మ మా ఖిన్‌ది. సన్నకళ్ళు, చదును ముక్కు, గుండ్రటి బుగ్గలు. స్కూల్లో దేశదేశాల వేషాలు వేయిస్తే తక్కిన పిల్లలకు ఏటా వేషం మారేది. ఈ పిల్లకు మాత్రం ఎప్పుడూ చైనా విసనకర్రే. బస్సులో నేపాలీ, బీచిలో మణిపురి, కరోనా రోజుల్లో ఇంకా ఏదో. ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చేది. మామ్మ ఓదార్చేది కాదు. "ఏడుత్తే ఆలు మానేత్తారేటే? మొకం కడుక్కో," అనేది. ఓదార్పంటే మా ఇంట్లో అదే.

పెద్దదయ్యాక నూకరత్నం బ్యూటీషియన్ కోర్సు చేసింది. చెయ్యి బంగారం. ద్వారకానగర్లో సుహాసినిగారి పార్లర్లో ఉద్యోగం దొరికింది. సుహాసినిగారు చెడ్డమనిషి కాదు. వ్యాపారం తెలిసిన మనిషి, అంతే. మొదటిరోజే పిల్లను తేరిపార చూసి కళ్ళు మెరిపించారు.

"నువ్వు తెలుగు మాట్లాడకు. ఇప్పుడందరికీ కొరియా పిచ్చి. నీ పేరు సోరా. నవ్వు, తలూపు, చాలు."

నూకరత్నానికి అదొక ఆటలా తోచింది. ఇన్నేళ్ళూ ఏ ముఖాన్ని చూసి వెక్కిరించారో ఆ ముఖాన్నే ఇప్పుడు కావాలంటున్నారు కదా. నీ చర్మం ఇంత నున్నగా ఎలా ఉందని సుహాసినిగారు అడిగితే, నా సంగతి చెప్పింది. అలా నేను పార్లర్‌కు వచ్చిపడ్డాను. నన్ను గాజు బల్ల మీద పెట్టారు. చుట్టూ వెదురు మొక్కలు, నా మీద నీలిరంగు లైటు. కొరియా రాణివాసంలో వాడిన రాయి అని బోర్డు రాశారు. ఆ బోర్డు చదివినప్పుడల్లా నవ్వొచ్చేది. రాణులంటే నాకు తెలిసింది ఒక్కరే, ఆవిడ క్యాంపులో చుట్ట కాలుస్తూ పెసర వడియాలు పెడుతోంది.

వచ్చినవాళ్ళందరూ నాతో ఫోటోలు దిగారు. సోరాకు తెలుగు రాదన్న ధైర్యంతో ఆమె ఎదుటే నోళ్ళు విప్పారు. అబ్బబ్బ, ఏం మాటలండీ అవి! అత్తగారి మతిమరుపు, ఆడపడుచు అప్పులు, ఎవరి మొగుడు ఎవరితో సినిమాకు వెళ్ళాడో, అన్నీ. మధ్యమధ్య ఈ పిల్ల గురించీ. బంగారుకొట్టు వరలక్ష్మిగారు ప్రతివారం ముఖం అప్పగించి పడుకుని, "వీళ్ళు పాముల్ని తింటారటండీ, చేతులు కడుక్కుందో లేదో అడగండి," అనేవారు. నూకరత్నం నవ్వుతూ తలూపేది. నా మీద చెక్క అరగదీసే చెయ్యి మాత్రం బిగుసుకునేది. ఆ బిగువు నాకొక్కదానికే తెలుసు.

సాయంత్రాలు నన్ను ఇంటికి తీసుకుపోయేది, మామ్మకు నేను లేకపోతే తోచదని. మామ్మ గుమ్మంలోనే అడిగేది: "ఈయాల ఎవలివే నువ్వు?"

"ఈయాల కూడా కొరియానే మామ్మా," అని పిల్ల నవ్వేది. మామ్మ నవ్వేది కాదు. నేనూ నవ్వలేదు.

ఇంతలో సుహాసినిగారు మధురవాడలో రెండో పార్లర్ తెరుస్తున్నామని చెప్పారు. దానికి ఇన్‌ఛార్జి నూకరత్నమే. తాళాలు ఆమె చేతికే, కింద పనిచేసేవాళ్ళకు ఆమే నేర్పుతుంది. ఆ పిల్ల కలలుగన్నది అదే. షరతు ఒక్కటే. ప్రారంభం రోజు యూట్యూబ్ చానెల్ వాళ్ళు వస్తారు. ఈ రాయి మీద మా కొరియా అమ్మమ్మ నాకు పని నేర్పింది అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాలి. పిల్ల సరేనంది. ఆ రాత్రి అన్నం తినలేదు గాని, సరేనంది. నాకు కోపం వచ్చింది. రాయికి కోపమొస్తే ఎవరికి చెప్పుకుంటుంది?

ప్రారంభం రోజు పూలదండలు, కాఫీలు, పట్టుచీరలు. వరలక్ష్మిగారు ముందు కుర్చీలో. నూకరత్నానికి కొరియా గౌను తొడిగి నా వెనక నిలబెట్టారు. కెమెరా సిద్ధమవుతుండగా అద్దాల తలుపు తోసుకుని మా మామ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. మనవరాలు పెద్ద పదవిలోకి వెళుతోందని తెలిసి, రెండు బస్సులు మారి, క్యారియర్లో ఖౌస్వే నూడుల్స్ పట్టుకొచ్చింది. నేత చీర, బుగ్గలనిండా తనాకా, నోట్లో ఆరిపోయిన చుట్ట. చుట్ట అలవాటు ఇక్కడిదో అక్కడిదో నన్నడక్కండి, రెండుచోట్లా ముసలమ్మలు అలాగే ఉంటారు.

"ఎవరండీ ఈ ముసల్ది? ముఖానికి ఆ సున్నమేంటి?" అన్నారు వరలక్ష్మిగారు.

సుహాసినిగారి ముఖం పాలిపోయింది. నూకరత్నం దగ్గరికి వచ్చి, నవ్వు చెదరకుండా గుసగుసగా అన్నారు. "మీ నానమ్మ అని తెలుసు. ఈ గంటసేపూ పనిమనిషి అని చెప్పు. వెనక గదిలో కూర్చోబెట్టు. తరవాత నేనే కారులో దింపుతాను. నీ మంచికే చెబుతున్నా."

మామ్మకు చెవులు బాగానే పనిచేస్తాయి. ఆమె విన్నది. మనవరాలి వైపు చూసి, క్యారియర్ కింద పెట్టి, "పరవాలేదే. నాను ఎనకే కూకుంటాను. నువ్ కానీ," అంది. జీవితంలో ఎవరికీ తలవంచని మనిషి ఆ పిల్ల కోసం పనిమనిషి కావడానికి సిద్ధపడి వెనక గది వైపు నడిచింది. నాకు గుండె లేదు. ఉంటే అప్పుడే పగిలేది.

కెమెరా వెలిగింది. మైకు పట్టుకున్న అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది, మీది ఏ దేశం అని.

నూకరత్నం వెనక గది వైపు చూసింది. నా మీద రెండు చేతులూ ఆనించింది. చల్లగా ఉన్నాయి.

"మామ్మా, ఆగు," అంది తెలుగులో.

గదిలో కాఫీ కప్పులన్నీ ఆగిపోయాయి.

"నా పేరు సోరా కాదండి. బెవర నూకరత్నం. మాది బర్మా కేంపు. ఆ ఎల్తున్నావిడ మా మామ్మ. ఈ రాయి ఆవిడిది. ఓడలో ఒల్లో ఎట్టుకుని తెచ్చింది. కొరియా ఎక్కడుందో కూడా నాకు తెల్దు."

మైకు అమ్మాయి తెల్లబోయి, తనూ తెలుగులోకి దిగింది. "అంటే మీరు... సగం బర్మా, సగం తెలుగా?"

"సగవేటండి? నానేటి పెసరట్టునా, సగానికి ఇరిసి పక్కోళ్ళకెట్టడానికి? మా మామ్మ బర్మా. మా తాతది టెక్కలి. మాయమ్మది అనకాపల్లి. ఈళ్ళలో ఎవల్ని తీసీమంటారు సెప్పండి. తీసీడానికి నాకు ఎవలూ ఎక్కువ నేరు."

"ఓరి దేవుడా, దీనికి తెలుగొచ్చా!" అన్నారు వరలక్ష్మిగారు, లోగొంతుకతోనే.

"వచ్చండి వరలచ్చిగారు. ఏడాది బట్టీ అన్నీ ఇంటన్నాను. పాములు మేం తినం. మీ ఆడపడుచుగారి సంగతి కూడా ఎవలికీ సెప్పన్లెండి, బయపడకండి."

ఆ మాటతో గదిలో సగంమంది ఆడవాళ్ళు ఏడాదిగా తాము ఏమేం వాగారో తలుచుకున్నారు. ఒక్కొక్కరే చేతిసంచులు వెతుక్కున్నారు. నా బతుకులో అంత తొందరగా ఖాళీ అయిన పేరంటం చూడలేదు.

సుహాసినిగారు అన్నారు: "నేను నీకింత చేస్తే ఇదా? వెళ్ళు. రాయి ఇక్కడ పెట్టి వెళ్ళు. దాని పేరు మీదే ప్రకటనలన్నీ ఇచ్చాను."

నూకరత్నం గౌను మీద కట్టిన పట్టీ విప్పి కుర్చీ మీద వేసింది. నన్ను ఎత్తి చంకన పెట్టుకుంది. నేను తేలికైన దాన్ని కాను. ఆ పిల్ల నడక మాత్రం తడబడలేదు. "మేడమ్, మీరు నాకు పనిచ్చేరు. మరిసిపోను. కానీ మామ్మని పనిమనిసి అనమన్నారు సూడండి, అదొక్కటి నా వల్ల కాదు," అని మామ్మ చెయ్యి పట్టుకుంది. మామ్మ క్యారియర్ మరిచిపోలేదు. తీసుకునే వచ్చింది.

బస్టాపులో ఇద్దరూ ఖౌస్వే తిన్నారు. పిల్ల తింటూ తింటూ ఏడ్చింది. ఉద్యోగం పోయింది మరి, తాళాలు పోయాయి, ఏడవదా? మామ్మ ఈసారి ముఖం కడుక్కోమనలేదు. కొంగుతో తనే తుడిచింది.

ఇప్పుడు నేను క్యాంపులో మా ఇంటి వరండాలో ఉన్నాను. నీలి లైటు లేదు, వెదురు లేదు. ఒక అద్దం, రెండు కుర్చీలు, బయట ఒక బల్ల. ఆ రోజు వీడియో ఎలా బయటికొచ్చిందో గాని, జనం మా వీధి వెతుక్కుంటూ వస్తున్నారు. ప్రశ్నలు ఆగాయనుకోకండి. "అసలు మీరెవరమ్మా?" అని రోజుకొకరైనా అడుగుతారు. సరదాగా ఉన్న రోజు నూకరత్నం చెబుతుంది. లేని రోజు "కళ్ళు మూసుకోండి, సల్లగుంటాది," అని ముఖానికి పూసేస్తుంది. చెప్పడం ఆమె ఇష్టం. అడగ్గానే చెప్పి తీరాలని ఎక్కడా లేదు. ఈ ముక్క మీరూ గుర్తుంచుకుంటే మంచిది.

నిన్న పొద్దున వీధి మొగలో ఒక కారు ఆగింది. సుహాసినిగారు దిగారు. మధురవాడ పార్లర్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయని మాకు ముందే తెలిసింది. గేటు దగ్గర నిలబడి పిలిచారు.

"సోరా!"

నూకరత్నం నా మీద చెక్క అరగదీస్తూనే ఉంది. తల ఎత్తలేదు. మామ్మ వడియాలు తిప్పుతోంది. బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు వీధిలోకి ఒకసారి చూసి, మళ్ళీ తమ కబుర్లలో పడ్డారు.

"సోరా!" ఈసారి గట్టిగా.

మామ్మ చుట్ట తీసి, "ఎవల్ని పిలుత్తున్నారమ్మా? అలాటి పేరుగలోలు మా ఈదిలో నేరు," అంది.

సుహాసినిగారు కొంగు నెత్తిన కప్పుకున్నారు. ఎండ ఎక్కువగానే ఉంది. గొంతు సవరించుకుని, కొత్త పాఠం ఒప్పజెప్పే పిల్లలా మెల్లగా అన్నారు: "నూకరత్నం... ఉందాండీ?"

నూకరత్నం వెంటనే తలెత్తింది.

"ఉన్నానండి మేడమ్. రండి. మీకంటే ముందు ముగ్గురున్నారు, ఆ బల్ల మీద కూకోండి."

సుహాసినిగారు చెప్పులు విడిచి, వచ్చి కూర్చున్నారు.