సోదా రత్తమ్మ

"కొప్పు విప్పు" అంది రత్తమ్మ.

మధ్యాహ్నం కూటికి వెళ్లే ఆడకూలీల్లో ఒక్కరినీ వదలకుండా కొప్పులూ, రొంట్లూ, చెంగులూ తడిమి చూస్తోంది. నందిగామ పత్తి మిల్లు గేటు దగ్గర ఆమె పని అదే. గుప్పెడు పత్తయినా బయటికి పోకూడదు. పొట్టి మనిషి. గరుకు వేళ్లు. ఎవరు నవ్వి పలకరించినా కళ్లు చికిలించి చూస్తుంది. బాప్తిస్మంలో రూతమ్మ అని పేరు పెట్టారు గాని, మిల్లులో అందరికీ ఆమె సోదా రత్తమ్మే.

అనుమానం ఆమెకు పనిగా మొదలై ఒంటికి పట్టుకుంది. కూరలమ్మి కొసరు వేస్తే కింద పుచ్చుందేమోనని తిప్పి చూస్తుంది. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళితే, అసలెందుకొచ్చారా అని రెండు రోజులు ఆలోచిస్తుంది. ఆఖరికి దేవుణ్ణీ వదల్లేదు. పాపాలన్నీ ఊరికే క్షమిస్తాడంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. అందుకే చర్చిలో క్షమాపణకు గుర్తుగా పంచే ప్రభువు బల్ల రొట్టె తనదాకా వస్తే, తుంచుకోకుండా పక్కవాళ్లకు అందించేసేది.

ఆ పూట మేస్త్రీ వీరరాఘవయ్య ఆమెను "అక్కా" అని పిలిచాడు. ఇన్నేళ్లలో "ఒసేయ్" తప్ప మరో పిలుపెరగని నోరది. సాయంత్రం దాకా రత్తమ్మ మనసు మనసులో లేదు. మొన్న ప్రేమకుమారి అనే కూలిపిల్ల, తన భుజం మీద చెయ్యేసినందుకు ఆ మేస్త్రీని నలుగురిలో నిలదీసింది. ఆ పిల్ల మీదా రత్తమ్మకు నమ్మకం లేదు. వెనక ఎవరూ లేకుండా అంత ధైర్యం ఎలా వస్తుందని.

మిల్లు కూత వేసే ముందు మేస్త్రీ ఆమె అరచేతిలో ఏదో కుక్కాడు. గింజ తియ్యని పత్తి.

"ప్రేమకుమారి రొంట్లో దొరికిందని చెప్పక్కా. తక్కింది నే చూసుకుంటా."

రత్తమ్మ గుప్పిట మూసుకుంది. ఈ పని పోతే ఇంట్లో మంచం పట్టిన మొగుడు సాంబయ్యకు గంజి కూడా ఉండదు. ఇన్నాళ్లూ దొంగసొత్తును ఎదుటివాళ్ల రొంట్లో వెతికింది. ఇప్పుడది తన గుప్పిట్లో ఉంది.

ప్రేమకుమారి వంతు వచ్చింది. చేతులు చాపి నిలబడింది. రత్తమ్మ ఒంటిచేత్తో కొప్పు చూసింది, చెంగు చూసింది, రొంటి చూసింది. ఆ పిల్ల వణుకు వేళ్లకు తెలిసింది. "ప్రభువా" అనుకుంది రత్తమ్మ. అంతకుమించి ప్రార్థన రాలేదు.

"ఏం లేదండి" అంది పైకి, పక్కన నిలబడ్డ మేస్త్రీతో.

మేస్త్రీ దగ్గాడు. ఆమె గుప్పిట విప్పి అందరికీ చూపించింది.

"ఇది మీరు నా చేతిలో పెట్టిందండి. ఈ పిల్ల మీదికి తొయ్యమన్నారు. నేను తొయ్యలేనండి."

రేపట్నుంచి గేటు ఛాయలకు రావద్దన్నాడు వీరరాఘవయ్య. ఆమె తాను కూర్చునే ముక్కాలిపీట మీద ఆ పత్తి పెట్టి, చెంగు దులుపుకుని చందర్లపాడు రోడ్డు పట్టింది.

రేపటి గంజి గుర్తొచ్చి భయం వేసింది. అయినా గుండె తేలిగ్గానే ఉంది. ఈ తేలికలో ఏం మోసముందోనని అలవాటు కొద్దీ వెతికి చూసుకుంది. మూలమూలలా వెతికింది. ఏమీ దొరకలేదు. నడుస్తూనే ఏడ్చింది.

గేటు దగ్గర తడిమేవాళ్లు లేరు. ఆడకూలీలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. పీట మీద ఆ గుప్పెడు పత్తి అలాగే ఉంది, ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు.