చివర్లో పిలిపిలి

నా మొగుడు బెన్హర్ పోయి ఏడాదయింది. టాంజానియాలో రొయ్యల చెరువుల పనికి పోయాడు, సముద్రంలో పడవ తిరగబడింది, మనిషి దొరకలేదు. దొరకలేదు కాబట్టి పోలేదంటుంది మా అత్త రెబెక్కమ్మ. మా మైపాడు సమాధుల తోటలో పేరు చెక్కిన రాయి పెట్టిద్దామంటే, "బతికుండేవాడికి రాయెందుకు మే?" అని నా నోరు మూయించేది. ఆమెకేం, ఎదురు చూస్తూ కూర్చుంటుంది. నాకు మాత్రం కూర్చుని ఏడవడానికి ఒక చోటు కావాలి.

దీనికంతటికీ మూలం ఫోన్లో ఉన్న ఆయన గొంతు. పడవ తిరగబడడానికి రెండు రోజుల ముందు, అక్కడి మేక కూర ఎలా వండాలో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆఖరున ఇలా ఉంటుంది: "అంతా అయినాక చివర్లో పిలిపిలి. మర్చిపోబాక మే. అది లేకపోతే రాదు."

పిలిపిలి అంటే అక్కడి వాళ్ళ భాషలో మిరపకాయ. అది లేకపోతే రుచి రాదని ఆయన మాట. గాలి హోరులో మా అత్తకు అది 'పిలువు, పిలువు' అని, 'రాదు' కాస్తా 'రాను' అని వినబడింది. పిలవకపోతే రానంటున్నాడని పట్టుకు కూర్చుంది. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

"నా కొడుకు మాట నాకు తెలవదా?" అంటుంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆయన చెప్పినట్టే కూర వండాలి, ఆమె పిలవాలి. రాకపోతే ఆ రోజే పాస్టరుగారికి ఫోన్ చేసి రాయి సంగతి మాట్లాడాలి.

పొద్దున్నే ఎముకలతో సహా మేకమాంసం తెచ్చాను. ఉల్లిపాయలు, టమోటాలు, అల్లం వేసి కట్టెల పొయ్యి మీద రెండు గంటలు ఉడికించి, కొబ్బరిపాలు పోశాను. ధనియాలు లేవు, గసగసాలు లేవు, ఇదేం కూరో అని సణుక్కుంటూనే వండాను. పక్కకి మొక్కజొన్న పిండితో సంగటి. అక్కడ ఉగాలి అంటారట. మన రాగి సంగటిలాగే కెలకాలి, కాకపోతే తెల్లగా, గట్టిగా ఉంటుంది. ఆయన చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలోకి కూర తీసుకుని తినేవాడు. ఆఖరిసారి సెలవులో వచ్చినప్పుడు మాకూ నేర్పించబోయి వాళ్ళమ్మ వేళ్ళు కాల్చాడు.

అప్పుడు ఆయన నాటిన మిరప మొక్క పెరట్లో ఈ వారమే కాసింది. పసుపు రంగు కాయలు, ఒళ్ళంతా ముడతలు. నాలుగు కోసి గిన్నెలో పెట్టుకున్నాను గానీ కూరలో వేయలేదు. ఆయనే లేనప్పుడు ఆ రుచి ఎవరికి కావాలి?

మిట్టమధ్యాహ్నం కూర దించి లోపల పెట్టాను, పక్కనే ఆయనకని పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టాను. అత్త పెరటి వాకిట్లో సముద్రం వైపు తిరిగి నిలబడింది.

"బెన్హరూ. అబ్బయా. సంగటి చల్లారిపోతాండాది, రా."

మూడుసార్లు పిలిచింది. మూడోసారికి గాలి ఆగిపోయింది. సరుగుడు తోపు చప్పుడు లేదు. అలల చప్పుడు కూడా లేదు.

ఎవరూ రాలేదు. చాలాసేపు చూసి చూసి ఆమె గడప మీద కూలబడింది.

"రాలేదు లే మే," అంది. "నువ్వు చెప్పిందే నిజం. అది మిరపకాయే. పాస్టరయ్యకి ఫోన్ చెయ్యి."

ఏడాదిగా ఆ మాట కోసమే పోట్లాడాను. తీరా వినేసరికి ఆమె మొహం చూడలేకపోయాను. ఫోన్ తెస్తానని లోపలికి వెళ్ళాను.

సంగటి ముద్ద ఒక పక్క తుంచి ఉంది. తుంచిన ముక్క పళ్ళెం అంచున ఉంది. దాని మధ్యలో బొటనవేలి గుంట, గుంటలో కూర. గచ్చు మీద తడి, ఉప్పునీటి వాసన. నా వీపు వెనక, చెవికి దగ్గరగా, ఆయన గొంతు వినబడింది.

"కారం యాడ మే?"

తిరిగి చూడలేదు. చూస్తే ఉండడేమోనని భయం, ఉంటాడేమోనని అంతకంటే భయం.

"ఫోన్ దొరికిందా?" అని అత్త గడప దగ్గర్నుంచి అడిగింది.

"ఇప్పుడొద్దులే అత్తా," అన్నాను.

నాలుగు మిరపకాయలూ తుంచి కూరలో వేశాను. ఒకసారి కలిపి మూత పెట్టాను. ఎన్నడూ మొగుణ్ణి పేరు పెట్టి పిలవని దాన్ని, అప్పుడు పేరు పెట్టి పిలిచాను.