చీర పేలిక

పాతచీర అంచును పళ్ళతో కొరికి సర్రున చింపింది సూరమ్మ. ఆ పేలిక ఒక కొసను నూకరాజు మణికట్టుకు కట్టింది, రెండో కొసను తన మణికట్టుకు కట్టుకుంది. అతని ముడి కిందికి వేలు దూర్చి చూసింది. చర్మం ఒరుసుకుపోకూడదు మరి.

రాయపూర్ రైల్వే ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆయా. బక్కపలచని మనిషి, ముక్కుకు అడ్డబాస, ఎప్పుడూ ఫినాయిలు వాసన. ఆమె పేరు ఎవరైనా ఎక్కడైనా రాశారా? రామరామ! కానీ ఆమె చేతిలో ఇప్పసారా మాని మనుషులైనవాళ్ళను వరసగా నిలబెడితే ప్లాట్‌ఫారం చాలదు.

తాగుడు మానేవాడికి మూడో రోజు గండం. ఒళ్ళంతా వణుకు, గోడల మీద లేని పాములు. డాక్టరుగారు సూదిమందు ఇచ్చి, పారిపోకుండా మంచానికి కట్టమనేవారు. “తాడొద్దు బావూ, నాను సూసుకుంతాను,” అనేది సూరమ్మ. వెనకటికి మొగుడు పరదేశిని సారాకు పోకుండా నూతితాడుతో గుంజకు కట్టింది తనే. పళ్ళతో తెంపుకుని పోయాడు. మర్నాడు పట్టాల పక్కన శవమై దొరికాడు. మళ్ళీ ఆమె ఏ మనిషినీ తాడుతో కట్టలేదు.

నూకరాజు రైలింజన్లో ఫైర్‌మన్. గ్లాసు నిలవని చేతులతో బొగ్గేం వేస్తాడు? ఇంకోసారి తాగి వస్తే ఉద్యోగం ఊడుతుందని చెప్పేశారు. భార్య తాయారమ్మ లాక్కొచ్చి సూరమ్మ ముందు కూలేసింది. ఇవాళ మూడో రోజు.

మధ్యాహ్నానికి వణుకు ముదిరింది.

“ఇప్పెయ్యి అత్తా! సారాభట్టీ గేటవతలే. ఒక్క గుక్క, బస్!”

“నువ్వే ఇప్పుకోరా. నీ ముడి నీకందుతాది. తాడు కాదది, గుడ్డ.”

నూకరాజు ముడి మీద వేళ్ళు పెట్టి బావురుమన్నాడు.

“మనసు అటు పీకినప్పుడు దీన్ని లాగు నాయినా. నాను తిరిగి లాగుతాను. అంతే.”

లాగాడు. లాగింది. చోడి అంబలి పట్టించింది. సగం అతని చొక్కా మీదే పోయింది, తుడిచింది. మళ్ళీ లాగాడు, లాగింది. కంపౌండరు సత్తిరాజు గుమ్మంలో ఆగి, “ఏం సూరమ్మా, గేదెను కట్టుకున్నావా?” అని నవ్వాడు.

“గేదయితే పాలైనా ఇచ్చును బావూ.”

మూడు రోజుల్లో మొదటిసారి నూకరాజుకు నవ్వొచ్చింది.

నాలుగు గంటలకు ధమ్తరి వెళ్ళే చిన్నబండి కూత పెట్టింది. సూరమ్మకు ఎడమ భుజం పొద్దుటినుంచీ సలుపుతూనే ఉంది. ఎవరికి చెప్పింది గనక! స్టూలు మీద కూచుని గోడకు తల ఆనించింది.

“లాగు. నానున్నాను,” అంది.

లాగాడు. మెల్లగా జవాబు వచ్చింది. కాసేపాగి మళ్ళీ లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. ఆమె చెయ్యి ఒళ్ళోంచి జారి వేలాడింది.

వార్డులో ఎవరూ లేరు. గేటు బార్లా తెరిచి ఉంది. నూకరాజు వేళ్ళు ముడి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. “సత్తిరాజుగారూ!” అని గొంతు చించుకుని అరిచాడు. సత్తిరాజూ డాక్టరుగారూ వచ్చి చూసి, ఆమెను తీసుకుపోయేదాకా ఆ చల్లని చేతిని పట్టుకుని, “నా తల్లీ!” అని ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె చేతిని ముడిలోంచి మెల్లగా జార్చి తీశారు. తన ముడి మాత్రం ఎవర్నీ విప్పనివ్వలేదు.

నాలుగో రోజు పొద్దున తాయారమ్మ ఇచ్చిన అంబలి గ్లాసును రెండు చేతులా పట్టుకుని, చుక్క ఒలకకుండా తాగాడు. అతని మణికట్టు నుంచి పేలిక ఖాళీ స్టూలు దాకా సాగి ఉంది. దాని రెండో కొసన, సన్నటి చెయ్యి పట్టేంత ముడి విప్పకుండా అలాగే ఉంది.