మాట దూరని గోడ

ప్రేమదాసు తువ్వాలు తడిపి తలకు చుట్టుకుని, గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. చేతిలోని చిన్న సుత్తితో మోకాలి ఎత్తున ఒక దెబ్బ, నడుం ఎత్తున ఒక దెబ్బ, తల ఎత్తున ఒక దెబ్బ కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ కళ్ళు మూసుకున్నాడు. కట్టేటప్పుడైనా పడగొట్టేటప్పుడైనా ముందు గోడను పలకరించడం ఆయనకు నలభై ఐదేళ్ళుగా అలవాటు. మనుషులతో మాత్రం అంత మాటకారి కాడు.

మనిషి సన్నం. నడుం కొంచెం ముందుకు వంగింది. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో రాయి పడి నల్లబడి, మళ్ళీ తెల్లబడలేదు. సిమెంటు తిని తిని వేళ్ళ చివర్లు నున్నగా అయిపోయాయి. రేషన్ దగ్గర మిషను ఆయన వేలిని గుర్తుపట్టదు. పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టి, చివరికి కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటాడు. పెదకాకాని పక్క ఊళ్ళో ఒంటిగది ఇల్లు. భార్య రెబ్కా పోయి ఆరేళ్ళు. కూతురు ఆరాధన ఒంగోల్లో నర్సు. పనికి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడందరికీ మిషన్లు కావాలి, తొందర కావాలి.

ఈ పనికి ఆయన్ని కోరి పిలిపించింది బసవమ్మ. నల్లపాడు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ డాబా ఒకప్పుడు ఒకటే ఇల్లు. ఆమె భర్త యలమందయ్య, మరిది వీరాంజనేయులు కలిసి కట్టుకున్నదే. ఒక ఏడాది కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉండగా గాలివాన వచ్చింది. కంగారులో ఎవరో రెండు రాశులనూ ఒకే పట్టా కిందికి తోశారు. పెద్దవాడి తెల్లబారిన తాలుకాయలు చిన్నవాడి ఎర్రకాయల్లో కలిసిపోయాయి. కావాలనే కలిపావని చిన్నవాడన్నాడు. ఆ మాటతో ఇల్లు రెండైంది. నట్టింట్లో అడ్డంగా గోడ లేచింది. ఆ గోడ కట్టింది ప్రేమదాసే. అప్పుడాయనకు ముప్ఫై ఏళ్ళు.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ లేరు. వాళ్ళ ఆడవాళ్ళు, బసవమ్మా కోటేశ్వరీ, ఒక పొయ్యి మీద వండుకుంటున్నారు. గోడ తీసేసి నట్టిల్లంతా ఒక హాలు చేయాలని ఇద్దరూ అనుకున్నారు. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు ఎండలో, దుమ్ములో కూర్చుని పనిచేస్తారు. వాళ్ళకి నీడ ఇచ్చి, ఫ్యాన్లు పెట్టి ఇక్కడే పని జరిపించాలని ఆలోచన. కాయ కోతకు వచ్చేలోగా హాలు కావాలి. కట్టిన చెయ్యే మొదటి ఇటుక తీయాలని బసవమ్మ పట్టుబట్టింది.

ఇంజనీరు శ్రీకృష్ణ ఫోన్లో డ్రాయింగు పెద్దది చేసి చూపించాడు. పాతికేళ్ళవాడు, నెమ్మదస్తుడు. స్లాబు మొత్తం బయటి గోడల మీదే కూర్చుందని, ఇది నాలుగున్నర అంగుళాల అడ్డుగోడేనని, దీని మీద బరువేమీ ఉండదని చెప్పాడు. కింద రెండు వరుసలు కోసేస్తే మిగతాది దానంతటదే కూలుతుంది, మధ్యాహ్నానికి శుభ్రం. పగలగొట్టే మిషను పట్టుకుని మాలిక్ సిద్ధంగా ఉన్నాడు.

గోడ ఇచ్చిన చప్పుడు ప్రేమదాసుకు నచ్చలేదు. అడ్డుగోడ ఖాళీ డబ్బాలా పలకాలి. ఇది నిండు బస్తాలా పలికింది. ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా చెంబుతో నీళ్ళు తీసుకుని డాబా ఎక్కాడు.

డాబాను కూడా అన్నదమ్ములు పంచుకున్నారు. మధ్యలో ఒక వరుస ఇటుకలు సరిహద్దు. పంట అవతలివాడి కంట్లో పడాలని, ఇద్దరూ మిరప టిక్కీలను, కాయ కుక్కిన బరువు బస్తాలను, ఆ గీత వెంబడే పేర్చేవారు. ఒకడు రెండు వరుసలు ఎత్తితే ఇంకొకడు మూడు ఎత్తేవాడు. ఏటేటా అదే పందెం. ప్రేమదాసు ఇటుకలు తప్పించి, గచ్చు మీద దుమ్ము ఊది, చెంబులో నీళ్ళు సన్నగా పోశాడు. నీళ్ళు పల్లానికి పోలేదు. వెంట్రుక మందాన ఒక బీట, సరిగ్గా కింది గోడ వెంబడే, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆ నీళ్ళు తాగేసింది.

ఆయన ఆ బీట పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

ఆ రోజు గుర్తొచ్చింది. గోడ పైదాకా లేచింది, ఇక స్లాబు కింద వేలెడు సందు మిగిలింది. పని నేర్పిన పెద్దమేస్త్రి చెప్పిన మాట అదే: అడ్డుగోడ తల స్లాబుకు తగలకూడదు, సందు వదిలి మెత్తని సున్నపు ముద్దతో మూయాలి. వీరాంజనేయులు వచ్చి ఆ సందులోకి చూశాడు. అన్న దగ్గు కూడా తనకు వినపడకూడదన్నాడు. అవతల నుంచి యలమందయ్య కూడా అదే మాటన్నాడు. గోడ లేచిన నెల్లాళ్ళలో అన్నదమ్ములు ఒప్పుకున్నది ఆ ఒక్క మాటే. ప్రేమదాసు ఇటుక చిప్పలు తెచ్చి, చిక్కటి సిమెంటు పెట్టి, రెండు వైపుల నుంచీ సుత్తితో దట్టించాడు. ఇద్దరూ మెచ్చుకున్నారు. కుర్రతనం, పొంగిపోయాడు. తర్వాత ఏళ్ళ తరబడి టిక్కీల బరువుకు స్లాబు కొంచెం కొంచెంగా దిగి ఆ చిప్పల మీద కూర్చుంది. ఎవరూ మొయ్యమనని బరువు ఆ బక్కగోడ మోస్తూ వచ్చింది.

చెప్పితే తప్పు తనదవుతుంది. చెప్పకపోతే కింద మాలిక్ ఉన్నాడు. మిషను ప్లగ్గు పెట్టిన చప్పుడు మెట్ల మీదికి వినపడింది.

మోకాళ్ళు పట్టుకుపోయినా ప్రేమదాసు రెండేసి మెట్లు దిగాడు.

"ఆపరా మాలిక్. ఇవతలికి రా."

"ఏమైంది మామా, పామేమన్నా ఉందా?"

"పామైతే నువ్వే చూసుకునేవోడివి. ఇది నా వల్ల వచ్చింది. రా ఇవతలికి."

మాలిక్ నవ్వుతూనే వచ్చాడు కానీ, ముసలాయన మొహం చూసి మిషను కింద పెట్టాడు. ప్రేమదాసు స్టూలెక్కి, పై చిప్పను చాకుతో పెళ్ళగించబోయాడు. చాకు వంగింది, చిప్ప కదల్లేదు. అప్పుడు దిగి, ఇద్దరు ఆడవాళ్ళ ముందూ, ఇంజనీరు ముందూ నిలబడి, ఆ సందు సంగతంతా చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. 

శ్రీకృష్ణ నమ్మలేదు. కానీ కొట్టిపారేయనూ లేదు. డాబా ఎక్కి, ఆ బీట మీద తానూ నీళ్ళు పోసి చూసి, ఫోటోలు తీసి, తనకు పాఠం చెప్పిన సారుకు పంపాడు. కాసేపటికి కిందికి వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

"ఇది డ్రాయింగులో ఉండదు తాతా."

"నాకు డ్రాయింగు తెలీదు బాబూ. మూడో తరగతి. గోడ కట్టింది నేను గనక తెలుసు."

బసవమ్మ గోడ వైపే చూస్తూ కూర్చుంది. తిడుతుందేమోనని ప్రేమదాసు తలొంచుకున్నాడు. ముందుగా నోరు విప్పింది కోటేశ్వరి.

"మాట పోకూడదని కట్టించారు గానీ మేస్త్రీ, మాకన్నీ వినపడేయి. మా అక్క రోట్లో దంచుతుంటే, చప్పుడు బట్టి ఏం పచ్చడో చెప్పేదాన్ని."

"చెప్పేది గానీ, ఏనాడూ ఇంత పెట్టమని అడిగింది కాదు," అంది బసవమ్మ.

"అడిగితే పెట్టేదానివా?"

"అడిగి చూడాల్సింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నవ్వారు. మెత్తగా వదిలి ఉంటే ఆ దంపుడు చప్పుడు సందులోనే ఇంకిపోయేది. బిగించడం వల్లే గోడ దాన్ని పట్టుకుపోయి అవతలి గదిలో దింపింది. ప్రేమదాసుకు ఆ సంగతి అప్పుడే తట్టింది.

మధ్యాహ్నానికి స్లాబుకు దన్నుగా నిలిపే అద్దె జాకీలు ఎనిమిది వచ్చాయి. గోడకు ఇటు నాలుగు, అటు నాలుగు. వాటి మీద అడ్డంగా మందపాటి చెక్కలు. ప్రేమదాసు ఒక్కొక్క జాకీ దగ్గరికీ వెళ్ళి పావు తిప్పు, మళ్ళీ పావు తిప్పు బిగించమన్నాడు. మాలిక్ తిప్పాడు. శ్రీకృష్ణ కూడా చేతులు కాయలు కాచేలా తిప్పాడు. మూడో చుట్టు తిరిగాక స్లాబులో ఎక్కడో టక్కుమని చిన్న చప్పుడైంది.  ప్రేమదాసు స్టూలెక్కి, పొద్దున చాకు వంచిన చిప్పను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అది పాలపన్నులా వచ్చేసింది.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊదాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట తన సుత్తి తగిలిన గాటు ఇంకా ఉంది.  పక్క చిప్ప తీశాడు, దాని పక్కది తీశాడు. తర్వాత మొదటి ఇటుక.

పొద్దు వాలేసరికి గోడ పైభాగాన చేయి దూరేంత కిటికీ అయింది. అవతలి నుంచి కోటేశ్వరి ఎత్తు బల్ల ఎక్కి, ఆ కంతలోంచి మజ్జిగ గ్లాసు అందించింది. ఇవతల ప్రేమదాసు అందుకున్నాడు. మజ్జిగలో దుమ్ము పడింది. అలాగే తాగేశాడు. గ్లాసు తిరిగి అందిస్తే, "ఇంకొంచెం పోస్తా ఉండు," అంది ఆమె. ఆయన వద్దనలేదు. ఆరోజు ఇంటికి వెళ్ళేటప్పుడు షేర్ ఆటోలో చివర కూర్చుని, పక్కనున్న తెలియని మనిషితో ఈసారి చలి తొందరగా పడిందని తనంతట తానే అన్నాడు.

పన్నెండు రోజులు పట్టింది. రెండు చివర్లా గట్టి గోడల్లో సిమెంటు దిమ్మెలు పోసి ఇనుప గడ్డర్లు ఎక్కించారు. గోడను పై నుంచి వరుస వరుసగా విప్పుకుంటూ వచ్చారు. మిషను అక్కర్లేకపోయింది. ఇటుకల్లో ముప్పాతిక వంతు విరగకుండా దిగాయి. వాటితోనే వాకిట్లో అరుగు కట్టారు. ఆఖరి రోజున జాకీలు బండెక్కి వెళ్ళిపోయాయి. శ్రీకృష్ణ స్లాబు కింద దారం కట్టి చూశాడు, ఇసుమంతైనా దిగలేదు. ఈసారి పని తేడా వస్తే తాతనే ముందు పిలుస్తానన్నాడు. ప్రేమదాసు మెల్లగా, తేడా రాకముందే పిలవమన్నాడు.

మర్నాడు, ఎవరూ అడక్కుండానే, ఆటో పైన ఒక సరుగుడు బాదు కట్టుకుని వచ్చాడు. గడ్డరు నడిమికి దన్నుగా దాన్ని నిలబెట్టి, కింద చెక్క కొట్టాడు. అక్కర్లేదని శ్రీకృష్ణ అన్నాడు. తనకూ తెలుసన్నాడాయన.

"ఈ ఒక్క కాయ సీజనూ ఉండనీండమ్మా. నేనే వచ్చి తీస్తా."

సంక్రాంతి దాటిన రెండో ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చి, చొక్కా మార్చుకోకుండా మంచం మీద నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు. కబురు తెలిసి బసవమ్మా కోటేశ్వరీ ఒకే ఆటోలో వెళ్ళారు. పాతికేళ్ళవాడు శ్రీకృష్ణ, చొక్కా నలిగేట్టు సమాధికి మట్టి మోశాడు.

ఫిబ్రవరిలో మొదటి కాయ వచ్చింది. హాలంతా ఎరుపు. ముప్ఫై మంది ఆడవాళ్ళు రెండు వరుసల్లో కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఘాటుకు ఒకరు తుమ్మితే పది మంది తుమ్ముతున్నారు, పది మంది తుమ్మితే అందరూ నవ్వుతున్నారు. ఈ చివర అన్న మాట ఆ చివరికి అడ్డం లేకుండా పోతోంది. బాదు తీసేస్తే ఇంకో ఇద్దరికి చోటు అవుతుందని శ్రీకృష్ణ అన్నాడు. ఇరుకైనా కూర్చుంటారులే అంది బసవమ్మ. సీజను అయ్యాక కూడా ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

హాలు నడిమధ్యన ఆ సరుగుడు బాదు, బెరడు అక్కడక్కడా ఊడిపోయి, ఎవరో కొట్టిన నాలుగు మేకులకు ఆడవాళ్ళ అన్నం సంచులు తగిలించుకుని, నిటారుగా నిలబడి ఉంది.