షట్టరు ఎత్తిన సోమవారం

బజారులో కాల్పులు జరిగి పధ్నాలుగు నెలలైనా దర్జీ అక్క తన కొట్టు గడప తొక్కలేదు. ఆ రోజు తుపాకులవాళ్లు వీధిలోకి చొరబడగానే షట్టర్లన్నీ ఒక్కసారిగా దడదడమంటూ కిందికి పడ్డాయి. పక్క కొట్టులో గడియారాలు బాగుచేసే ఆమె తమ్ముడికి మాత్రం తన షట్టరు దించే వ్యవధి దొరకలేదు. అప్పటినుంచి ఎక్కడ ఇనుము గరగరలాడినా ఆమె చెవులు మూసుకుని బల్లకింద దూరేది. చుట్టాలంతా "గుండె రాయి చేసుకోవే" అన్నారు. ఎలా చేసుకోవాలో ఒక్కరూ చెప్పలేదు.

ఆ మాట అననిది నర్సమ్మ ఒక్కతే. మనసు గాయాలకు వైద్యం నేర్చుకొచ్చిన ఆవిడ ప్రతి బుధవారం బజారువాళ్లను బడిగదిలో కూర్చోబెట్టేది. మూడు వారాలు దర్జీ అక్క తలుపు దగ్గరే కూర్చుని వెళ్లిపోయింది. నాలుగో వారం తాళాలు బాగుచేసే తాత గొంతు సవరించుకున్నాడు.

"షట్టరు చప్పుడు వింటే నాకిప్పటికీ లాగు తడుస్తుందమ్మా."

డెబ్భై ఏళ్లవాడు, తల దించకుండా అన్నాడు.

"నాకొక్కదానికే అనుకున్నా తాతా!" అంటూ ఆమె బావురుమంది. గదిలో ఉన్న పదకొండుమందిదీ అదే భయమని ఆ పూట తేలింది.

"భయాన్ని తరమక్కర్లేదు. కొంచెం కొంచెంగా దాని ఎదుట నిలబడదాం," అంది నర్సమ్మ.

ఓ వారం వీధి మొగదాకా నడిచారు. మరో వారం కొట్టుదాకా. తాత షట్టరు జానెడు ఎత్తి దించుతుంటే, ఆమె అతని చొక్కా పట్టుకుని నర్సమ్మ నేర్పినట్టు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలేది. రెండుసార్లు పారిపోయింది. మూడోసారి నిలబడింది.

ఒక సోమవారం పొద్దున్న అందరూ వచ్చారు.

"ఎత్తమంటావా అమ్మాయ్?"

"నువ్వు పక్కనుండు తాతా, చాలు."

వంగి, పిడి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. దడదడ! అడుగు కదల్లేదు. ఆ మోత ఆగకముందే ఎదురు షట్టరు లేచింది, దాని పక్కది, ఆ పక్కది. వీధి వీధంతా ఉరిమింది. ఆఖరికి తమ్ముడి కొట్టు. పోలీసులు దించి వెళ్లిన ఆ షట్టరు మీద అందరి చేతులూ పడ్డాయి. అదీ లేచింది. అక్క ఏడ్చింది, నవ్వింది, రెండూ కలిపి చేసింది.

అంతలో రొట్టెల కొట్టావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది.

"అవునే, ఏడాది దాటింది, కుట్టమని ఇచ్చిన నా గౌను ఏదీ?"

"రేపిస్తా," అంది దర్జీ అక్క, పాత అలవాటుకొద్దీ.

బజారంతా ఘొల్లున నవ్వింది.

"నవ్వింది చాల్లే, లోపలికి రా. అప్పటికీ ఇప్పటికీ లావెక్కావు, కొలతలు మళ్లీ తియ్యాలి."