ముప్పై అడుగుల గడ

పుట్టి అంచుకు మోకాళ్లు తన్నిపెట్టి ప్రేమదాసు గడ వదిలాడు. పదిహేను అడుగుల నీళ్లు దాటింది. బురద తగిలింది. అయినా ఆగలేదు! అరచేతుల్లోంచి జరజరా జారిపోతూనే ఉంది.

"దిగుతుందా బాబాయ్?" తెడ్డేస్తున్న బెన్ని అడిగాడు.

"దిగటమేందిరా, కిందెవరో పట్టుకు లాగుతున్నట్టుంది!"

గట్టి పూడికైతే మణికట్టు దాకా జివ్వుమనాలి. అనలేదు. ఇరవై ఎనిమిదో అడుగున గడ తూము గడప మీద టంగుమంది. నీటిమట్టానికి సరిగ్గా ఎర్రగళ్ల తువ్వాలు గడకు బిగించి ముడేశాడు. కాగితం లేదు, అదే అతని రాత.

నందిగామ ఎగువన వాగుకు కట్టిన ఆ రిజర్వాయరు మీద అతను ముప్పై రెండేళ్లుగా గేట్లు చూసుకునే లస్కరు. పర్మనెంటు కాలేదు. వచ్చిన ప్రతి ఆఫీసరూ అతను పట్టిన చేపలు తిన్నాడు గానీ మాట వినలేదు. కిందటి నెల సర్వేకొచ్చి పడవకు యంత్రం కట్టుకుని తిరిగినవాళ్లు, తెర మీద గీత చూసి, అడుగు తూము ముందు పదమూడడుగుల గట్టి పూడికని రాసిచ్చారు. యంత్రం పంపిన శబ్దం చిక్కటి బురద పైపొరకే తగిలి తిరిగొచ్చిందని అంత చదివినవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. రేపు తూముకు కాంక్రీటు పోస్తారు. ఒండ్రు పోయే దారి అదొక్కటే. అది మూస్తే పదేళ్లలో రిజర్వాయరు చదునైపోతుంది, దిగువన పొలాలు బీడు పడతాయి.

జగ్గయ్యపేట వైపు కురిసిన వానకు ఇవాళే కొత్త నీరొచ్చింది. ఒండ్రును తోసే బలం ఇవాళే ఉంది.

గట్టు మీద ఏఈ కృపావతికి ముడి చూపించాడు.

"తెరిచాక గేటు మళ్లీ పడకపోతే? నీళ్లన్నీ పోతే నా ఉద్యోగం పోద్ది దాసుగారూ."

"నాకు పోటానికి అది కూడా లేదండి. ఒక్క గంట తియ్యనివ్వండి మేడంగారూ."

"మా బాబాయి అంచనా పెళ్లి చేసుకున్నప్పుడు తప్ప ఎప్పుడూ తప్పలేదండి" అన్నాడు బెన్ని.

ఆమె నవ్వాపుకోలేక తలూపింది.

పదకొండేళ్లుగా కదలని గేటు చక్రం. ఎవరూ చెప్పకపోయినా ప్రతి శనివారం దానికి గ్రీజు పెట్టింది ప్రేమదాసే. ఇద్దరూ వేలాడి తిప్పారు. కిర్రుమంది. గేటు లేచింది.

దిగువన ఏమీ లేదు. కృపావతి పిట్టగోడ మీంచి వంగి చూసింది. అంతలో తూము గళ్లుగళ్లున దగ్గింది. చిక్కటి అంబలిలా, కారునలుపున, పదకొండేళ్ల కుళ్లువాసనతో ఒండ్రు ఒక్కసారి ఎగజిమ్మింది!

"వచ్చె! చూడండి మేడంగారూ, ఎట్టా ఉరుకుతుందో!" ప్రేమదాసు చిన్నపిల్లాడిలా గట్టు మీద గెంతాడు. గట్టిపూడికంట, గట్టిపూడిక! అని అరిచాడు. బెన్ని ఈలేశాడు. మేడంగారు చెప్పులు చేతబట్టుకుని దిగువకు పరుగెత్తింది. నలుపు బూడిదరంగుకు తిరిగింది, బూడిదరంగు ఎరుపైంది. గంటకు తూములోంచి వాగు కొత్త నీరే దూకుతోంది.

ప్రేమదాసు ఒగరుస్తూ పిట్టగోడకు ఆనుకున్నాడు. "నువ్వు దించరా. నేను కాస్త కూచుంటా."

బెన్ని చక్రం తిప్పాడు. గేటు సుతారంగా దిగి కూర్చుంది. చుక్క కారలేదు.

కృపావతి ఫోనులో మాట్లాడుతూనే మెట్లెక్కింది. "కాంక్రీటు ఆపేశారు! దాసుగారూ, మీ మాటే రాసుకున్నారు!"

అతను వాగు వైపే చూస్తున్నాడు. ఆమె మళ్లీ పిలిచింది. బెన్ని వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ప్రేమదాసు తల పక్కకు వాలిపోయింది. బెన్ని చెయ్యి అక్కడే ఉండిపోయింది.

పిట్టగోడకు చేరేసిన గడ మీద బురద పైనుంచి ఆరుకుంటూ వస్తోంది. ఇరవై ఎనిమిదో అడుగున ఎర్రగళ్ల తువ్వాలు, వేసిన ముడి వేసినట్టే ఉంది.